నేను ఇవ్వని చక్రం

గిద్దలూరులో మాకు ఇనుప సామాన్ల దుకాణం ఉంది. మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వెళ్తే గల్లాపెట్టె దగ్గర నేను కూర్చుంటాను. ఒకరోజు ఆ వేళలో, ఇళ్లకు బండలు పరిపించే కాంట్రాక్టర్ ఒకాయన తన మేస్త్రితో వచ్చి, గ్రైండర్‌కు బిగించే పల్చటి నల్ల చక్రం అడిగాడు.

"ఇనుము కోసేదానికా అన్నా?"

"కాదమ్మా. మెట్లకు గ్రానైటు కోయాల."

"అయితే ఇది పనికిరాదు" అని రాయి కోసే రకాలు తీసి బల్ల మీద పెట్టాను. అంచుకు గండ్లున్న డైమండ్ బ్లేడు నీళ్లు లేకుండా కోయడానికి. గండ్లు లేనిది నీళ్లు పోస్తూ కోయడానికి, అంచు నున్నగా వస్తుంది. నల్ల చక్రాలు చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ, మధ్యలో కాగితం మీద 'సి' అని ఉంటే రాయికి, 'ఎ' అని ఉంటే ఇనుముకు. రాయికి పనికొచ్చే నల్లవి ఆరోజు మా దగ్గర లేవు. ఇనుము కోసే చక్రం రాతిలో ఇరుక్కుంటే పగిలి మొహాన కొడుతుందని కూడా చెప్పాను. మేస్త్రి బ్లేడు చేతిలోకి తీసుకుని చూశాడు. కాంట్రాక్టర్ నవ్వాడు.

"నువ్వెప్పుడన్నా రాయి కోసినావా అమ్మా? మీ ఆయనున్నప్పుడు వస్తాలే."

ఆ నల్ల చక్రం నేను ఇవ్వలేదు. వాళ్లు వెళ్లిపోయారు.

ఆ వారంలోనే, చక్రం పగిలి మేస్త్రి చెంప చీరుకుపోయిందని, కుట్లు వేశారని మా ఆయన చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు.

"నువ్విచ్చిన చక్రమేనంట గదా. చూసుకోని ఇయ్యాల్సింది."

బజారులో అందరికీ కాంట్రాక్టర్ అలాగే చెప్పాడట. నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పులేసుకుని మేస్త్రి ఇంటికి వెళ్లాను. చెంపకు కట్టుతో మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

"అన్నా, ఆ చక్రం నేనిచ్చినానా?"

"లేదక్కా. ఆయనే కంభంలో కొనకొచ్చినాడు. మిషన్ మీద రేకు మూత అడ్డమొస్తాందని అదీ తీపిచ్చినాడు."

"మరి నా పేరు చెప్తాంటే ఊరుకున్నావేంది?"

నోరు సరిగా తెరుచుకోక మెల్లగా అన్నాడు. "ఆయన మాట కాదంటే మళ్లీ పనికి పిలుస్తాడా అక్కా?"

అతని మీదా కోపం వచ్చింది. ఆ కట్టు చూసి దిగమింగుకున్నాను.

అక్కడి నుంచి నేరుగా ఆ మెట్ల పని జరిగే ఇంటికి వెళ్లాను. కాంట్రాక్టర్ ఇంటి యజమానితో మాట్లాడుతున్నాడు. ఆ యజమాని ఎదుటే అడిగాను.

"ఇయ్యనన్నదాన్ని ఇచ్చినానని ఎట్ల చెప్పినావన్నా?"

"ఏదో ఒకటిలేమ్మా. అయిపోయింది గదా."

"నీకేం పోయింది? చెంప మేస్త్రిది, చెడ్డపేరు నాది."

ఇంటి యజమాని మా ఇద్దరి వైపూ చూసి లోపలికి వెళ్లిపోయాడు. కాంట్రాక్టర్ ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చి జరిగింది చెప్తే మా ఆయన, "నలుగుర్లో అట్ల అడిగితే రేపు మన దుకాణానికి వస్తాడా?" అన్నాడు. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన మనిషి, నువ్విచ్చావా అని ఒక్కమాట అడగలేదు. కాంట్రాక్టర్ అబద్ధం కన్నా నాకు అదే ఎక్కువ మండింది.

"వస్తే మీరే ఇచ్చుకోండి. ఆయనకు నా చేత్తో ఒక మేకు కూడా ఇయ్యను."

మేస్త్రి చెంప మీద మచ్చతో మళ్లీ ఆ కాంట్రాక్టర్ దగ్గరే పనిచేస్తున్నాడు. ఆయన మా దుకాణానికి రావడం మానలేదు. "బాగున్నావా అమ్మా" అని పలకరిస్తాడు. నేను లెక్కల పుస్తకం తిప్పుకుంటాను. మా ఆయన లేచి సామాను తీసి ఇస్తాడు.