మాస్టారు వదిలిన చుక్కల గీత

మాస్టారు పోయారన్న కబురు నాకు సముద్రం మీద తెలిసింది. విశాఖపట్నంలో బయల్దేరిన ఓడ నాలుగో రోజు పొద్దున్నే పోర్ట్ బ్లెయిర్ కనిపించేంత దగ్గరికి వచ్చి, లంగరు వేసి కూర్చుంది. జెట్టీ ఖాళీ లేదట. సిగ్నల్ రెండు గీతలు వచ్చీ రాగానే ఫోన్ మోగింది. బడిలో నా పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలు. ఇప్పుడు పోర్ట్ బ్లెయిర్‌లోనే, ఆస్టినాబాద్‌లో ఉంటోంది.

“మాస్టారు పోయారే. సుబే అయిదింటికి, నిద్రలోనే. నువ్వెక్కడున్నావ్?”

“ఓడ మీదే. ఊరు కనపడతంది గానీ దిగనివ్వట్లేదు.”

మా ఇద్దరికీ ఒకే జెట్టీ, ఒకే వారం గుర్తొచ్చి ఉంటాయి. ఆ సంగతి తర్వాత చెబుతాను.

“సాయంత్రం నాలుగింటికి తీసుకెళ్తారంట. జల్దీ రా,” అంది, అదేదో నా చేతిలో ఉన్నట్టు.

నా కాళ్ల దగ్గర రెండు అట్టపెట్టెలున్నాయి. వాటినిండా ఆయన రాసిన పుస్తకం కాపీలే. ముప్ఫై ఏళ్లు ఆయన కూడబెట్టిన మాటలు అచ్చయి, కట్టలు కట్టుకుని, ఆయన ఇంటికి పోవాల్సినవి నీళ్ల మీద ఊగుతున్నాయి. విమానంలో వచ్చి ఉంటే రెండు గంటల పని. పెట్టెలు బరువని ఓడ ఎక్కాను. ఆ బుద్ధి తక్కువ పనికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆయన మా తెలుగు మీడియం బడిలో ఇంగ్లిష్ చెప్పేవారు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, డాలీగంజ్‌లో చిన్న ఇల్లు కట్టుకుని, ఇక్కడి మనిషైపోయారు. ఆయన క్లాసులో ఇంగ్లిష్ మాటకి అర్థం చెప్పిన వాళ్లకి మార్కులు పడేవి కావు. “అర్థం వద్దమ్మా. ఆ మాట నీకు ఎక్కడ తగిలిందో సెప్పు,” అనేవారు. ఒక్కో మాటకి మూడు వాక్యాలు తేవాలి. ఒకటి చూసింది, ఒకటి విన్నది, ఒకటి మనకి తగిలింది. మంచి వాక్యమైతే ఒక చీటీ మీద రాయించుకుని బిస్కెట్ డబ్బాలో వేసుకునేవారు. చీటీలన్నీ పాత పరీక్ష పేపర్ల వెనక వైపు కోసినవే. ఒక మాట చీటీ తిప్పితే ఎవరిదో సున్నా మార్కు కనిపించేది.

మా దీవుల వాన సంగతి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. ఆర్నెల్ల చెమ్మకి చీటీలు ఒకదానికొకటి అతుక్కుపోయేవి. ఆదివారం పూట మాస్టారు వాటిని ఒక్కొక్కటే ఊడదీసి, దుప్పటి పరిచి ఇస్త్రీ చేసేవారు. మాస్టారి భార్యను మేమంతా అమ్మగారనేవాళ్లం. ఆవిడ వంటింట్లోంచే మొదలుపెట్టేవారు. “వేసుకునే చొక్కాకి ఏనాడైనా ఇస్త్రీ పెట్టారా? కాయితాలకి మాత్రం మడత నలగకూడదు.” మాస్టారు నలిగిన చొక్కాతోనే నవ్వి, ఇంకో చీటీ అందుకునేవారు.

ఆయన కోపమంతా డిక్షనరీల మీద. ఆఫ్‌షోర్ అన్న మాటకి మా బడిలో ఉన్న డిక్షనరీలో ‘తీరానికి దూరంగా’ అని ఉండేది. “ఏ తీరానికయ్యా? నా పిల్లలకి నాలుగు పక్కలా తీరమే కదా. ఎంత దూరం?” అని పుస్తకంతోనే తగువు పెట్టుకునేవారు. గాలి ముందు అదే మాట వస్తే పిల్లలు ‘తీరానికి దూరంగా వీచే గాలి’ అని రాసి పాసైపోయేవారు. చేపల పడవల ఇంటి నుంచి వచ్చే ఒక్క పిల్లాడు మాత్రం సరిగ్గా రాశాడు. ‘పొద్దున్నే గాలి నేల మీంచి సముద్రం మీదికి పోతుంది. చిన్న డోంగీ పడవని తోసుకుపోతుంది. మా తాత ఆ గాలికి నన్ను ఒంటరిగా తెడ్డు వేయనివ్వడు.’ ఆ చీటీ మాస్టారు స్టాఫ్ రూమంతా తిప్పి చూపించారు.

విన్న వాక్యాలు చాలా వచ్చాయి. సముద్రంలో నూనె బావులు తవ్వడం ఆఫ్‌షోర్ అని పేపర్లో ఉందని ఒకరు. పెద్దోళ్లు డబ్బు దాచుకునే దేశాన్ని ఆఫ్‌షోర్ అంటారని ఒకరు. “దీవుల్లోనే దాస్తారంట. మన దీవులు వాళ్లకి నచ్చలేదు పాపం,” అన్నారు మాస్టారు. తర్వాతెప్పుడో ఒక పాత విద్యార్థి హైదరాబాద్ నుంచి, తాను ఆఫ్‌షోర్ టీంలో ఉన్నానని ఉత్తరం రాశాడు. అమెరికా వాళ్ల పని ఇక్కడ కూర్చుని చేస్తే అంతేనట. సముద్రం లేని ఊళ్లో, ఏసీ గదిలో, కుర్చీలో ఆఫ్‌షోర్. మాస్టారు రెండు రోజులు అదే తలచుకుని నవ్వారు. నవ్వి, చీటీ రాసి, ఇస్త్రీ చేశారు.

మూడో వాక్యం, తగిలిన వాక్యం, నా దగ్గర ఆగిపోయింది.

సునామీ వచ్చిన ఆదివారానికి నేను తొమ్మిదో తరగతి. నాన్న కార్ నికోబార్‌లో కరెంటు లైన్‌మన్. నా బెంచీ స్నేహితురాలి నాన్న కూడా అక్కడే, అదే ఆఫీసులో. కొన్ని రోజులకి అక్కడి వాళ్లను ఎక్కించుకుని ఓడలు రావడం మొదలైంది. ఎవరెవరు ఎక్కారో తెలిసే లిస్టు మాకెక్కడా దొరకలేదు. జెట్టీ గేటు దగ్గర బోర్డు మీద ఓడ ఆఫ్‌షోర్‌లో ఉందని ఇంగ్లిష్‌లో సుద్దముక్కతో రాశారు. జనమంతా మాస్టారి చుట్టూ మూగారు. బడి పిల్లల్లో సగం మంది ఇంటివాళ్లు కార్ నికోబార్‌లోనే ఉన్నారని ఆయన రోజూ గొడుగు పట్టుకుని జెట్టీకి వచ్చేవారు.

“మాస్టారూ, ఏం రాశారు? వచ్చేసినట్టా?” అని ఎవరో అడిగారు.

“కంటికి అందుతోంది. కాలికి అందట్లేదు,” అన్నారు మాస్టారు. మళ్లీ అదే హిందీలో చెప్పారు.

పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఓడ అక్కడే నిలబడింది. దాని మీద మనుషులు చుక్కల్లా తెలిసేవారు. అందులో ఒక చుక్క నాన్న అనుకుని ఎంచుకున్నాను. ఓడ జెట్టీకి వచ్చాక ఆ చుక్క వేరే ఎవరో ముసలాయన. రెండో ఓడ కూడా అలాగే నిలబడింది, అందులోనూ నాన్న లేడు. మూడో ఓడలోంచి, ఎవరిదో వదులు చొక్కా వేసుకుని, చెప్పుల్లేకుండా నాన్న దిగాడు. నన్ను పట్టుకుని, “బడికి పోతన్నావా?” అని అడిగాడు. నా స్నేహితురాలు మా నాన్న వెనకాల వచ్చేవాళ్లనే చూస్తోంది. “అంకుల్, ఇంకా ఉన్నారా వెనక?” అంది. నాన్న మాస్టారి వైపు చూశాడు. మాస్టారు గొడుగు నాకిచ్చి, నా స్నేహితురాలి భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్లారు.

బడి తెరిచాక మాస్టారు ఒక ఖాళీ చీటీ నా చేతిలో పెట్టారు. ఆఫ్‌షోర్‌కి తగిలిన వాక్యం రాయమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. “మీకు మనసుందా మాస్టారూ?” అని అందరి ముందూ అనేశాను. మా నాన్న వచ్చాడు, పక్క బెంచీలో పిల్ల నాన్న రాలేదు, నేను వాక్యం రాసి మార్కులు తెచ్చుకోవాలా? ఆయన తిట్టలేదు. చీటీ తీసి జేబులో పెట్టుకున్నారు.

అక్కడితో వదిలేస్తే ఆయన మాస్టారెందుకవుతారు? కనిపించినప్పుడల్లా అదే ప్రశ్న. బజార్లో, రేషన్ షాపులో, నా పెళ్లిలో అక్షింతలు వేస్తూ కూడా, “ఏటమ్మా, నా వాక్యం?” ఒకసారి నేను కూడా గట్టిగానే అడిగాను, నాన్నను పోగొట్టుకున్న పిల్లను వదిలి నన్నెందుకు పీడిస్తారని.

“దానికి తగిలింది మాటల్లోకి రాదమ్మా. దాన్ని అడక్కూడదు. నీకు తగిలింది వస్తాది.”

“నాన్న వచ్చేశాడుగా. నాకేం తగిలింది?”

“రాకముందు మూడు ఓడలు సూశావు కదా,” అన్నారు.

నేను అప్పుడు కూడా రాయలేదు.

ఆ చీటీలన్నీ కలిపి పిల్లల డిక్షనరీగా అచ్చేయించడానికి ఆయన ఎక్కని మెట్లు లేవు. సిలబస్‌లో లేదన్నారొకరు. తెలుగు పిల్లలే తగ్గిపోతున్నారు, చదివేదెవరన్నారు ఇంకొకరు. ఒకచోట రాతప్రతి రెండేళ్లుంచుకుని, చెదలు పట్టాక తిరిగిచ్చారు. డబ్బాలో చీటీలు ఉన్నాయి కాబట్టి మళ్లీ మొదట్నుంచీ రాశారు. రిటైరయ్యాక ఆయన కళ్లు మసకబారితే, నేను టీచర్‌గా పనిచేసే ఫెరార్‌గంజ్ బడి ముగించుకుని బస్సులో వచ్చి టైపు చేసేదాన్ని. అదీ వెంటనే కాదు. పిల్లలు, పరీక్షలు, ఇల్లు అంటూ నాలుగేళ్లు సాగదీశాను. ఆఫీసులను అన్నాను గానీ, నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను?

విశాఖలో ప్రెస్సు అతను ఆఫ్‌షోర్ ఉన్న పేజీ చూసి, “ఇక్కడ మూడో వాక్యం ఖాళీ ఎందుకు మేడం? అచ్చుతప్పనుకుంటారు, తీసేద్దాం,” అన్నాడు. ఇదే అదనని మాస్టారికి ఫోన్ చేశాను, ఆ లైను తీసేయనా అని. ఆయన గొంతు బాగా సన్నబడిపోయింది అప్పటికే. “ఉండనీ. సుక్కల గీత ఎయ్యమను. నువ్వు రాయకపోతే సదివే పిల్లలెవరో రాస్తారు,” అన్నారు. తర్వాత, “నువ్వు రాస్తే సూసి పోదామని ఉంది,” అన్నారు. ఎన్నో మాటల మధ్య అది కూడా ఒక మాటలా అన్నారు. నేను కూడా అలాగే విని, టికెట్ సంగతి మాట్లాడాను.

అందుకే ఆ రోజు ఓడ మీద నిలబడలేకపోయాను. పదకొండయింది, ఒంటిగంటయింది. రెయిలింగ్ దగ్గర నిలబడ్డ ఓడ మనిషిని నాలుగోసారి అడిగాను, చిన్న పడవేదైనా వస్తుందా, నన్నొక్కదాన్నీ దించగలరా అని. “జెట్టీలో బర్త్ ఖాళీ అయితేనే దీదీ. మై క్యా కరూఁ?” అన్నాడు. అతని తప్పేమీ లేదు. అయినా అతని మీద విసుక్కున్నాను. ఎదురుగా ఊరు ఉంది. మేడలు లెక్కపెట్టొచ్చు. రోడ్డు మీద బస్సు వంపు తిరగడం కనిపిస్తోంది. ఇరవై ఏళ్ల కింద గట్టు మీంచి ఓడను చూస్తూ ఎంత తిట్టుకున్నానో, ఇప్పుడు ఓడ మీంచి గట్టును చూస్తూ అంతే తిట్టుకున్నాను.

నాలుగింటికి ఫోన్ మళ్లీ మోగింది. స్నేహితురాలు ఏమీ అనకుండా ఫోన్ పైకి పట్టుకున్నట్టుంది. మనుషుల అలికిడి, తలుపు చప్పుడు, అమ్మగారి గొంతు వినిపించాయి. తర్వాత వీధి చప్పుడు. అది కూడా దూరమైపోయింది.

అట్టపెట్టె చింపి ఒక పుస్తకం తీశాను. సన్నగా జల్లు పడుతోంది. ఆ పేజీ తెరిచి, చుక్కల గీత మీద పెన్సిల్‌తో రాశాను. ‘మాస్టారిని నాలుగింటికి తీసుకెళ్లారు. నేను ఆఫ్‌షోర్‌లో ఉన్నాను. ఊరు కనిపిస్తూనే ఉంది.’ ఇరవై ఏళ్లు ఆయన బతిమాలితే రానిది, ఆయన చదవలేని రోజున రెండు నిమిషాల్లో వచ్చింది.

మర్నాడు పొద్దున్న జెట్టీ దొరికింది. ఆటోలో పెట్టెలు వేసుకుని డాలీగంజ్ వెళ్లాను. అమ్మగారు వరండాలో కూర్చుని ఉన్నారు, పక్కన నా స్నేహితురాలు. పెట్టెలు దించి, ఆ పుస్తకం ఆవిడ చేతికిచ్చాను. రాత్రంతా చెమ్మకి ఉబ్బి, నేను రాసిన పేజీ ముడతలు పడి ఉంది.

అమ్మగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. “తడిపేశావేంటే,” అన్నారు. లేచి లోపలికి వెళ్లారు. ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను. బల్ల మీద దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె వేడి చేసి, పుస్తకం తెరిచి ఆ పేజీ మీద మెల్లగా నడుపుతున్నారు. రాసింది చదవలేదు. ముడత పోయిందో లేదో వేలితో తడిమి, ఇంకోసారి పెట్టె ఎత్తారు.