కుండ అడుగున ఇసుక

సముద్రానికి దగ్గర్లో ఫొటో స్టూడియో పెట్టేవాడు ముందుగా నీళ్ళ సంగతి చూసుకోవాలి. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ మాట లేదు. అది పుస్తకాల తప్పు కాదు. రాసినవాళ్ళు చలి దేశాలవాళ్ళు. వాళ్ళకు ఇంట్లోనే, గోడలోంచే మంచినీళ్ళు వస్తాయి.

మా ఊరు రైలుకట్ట దాటి జువ్వలదిన్నె వైపు పోయే దారిలో ఉంటుంది. మా ఊరని అలవాటుగా అంటున్నాను గానీ నేను పుట్టింది అక్కడ కాదు. మాది పడమటి వైపు, వరి పండించే ఇల్లు. పెళ్ళయిన మరుసటి ఏడే నా భార్య విషజ్వరంతో పోయింది. పొలం అన్నకు వదిలేసి, పలకరించి జాలిపడేవాళ్ళు లేని చోటు వెతుక్కుంటూ కెమెరా పట్టుకుని ఇటు వచ్చాను. వెతుక్కున్న చోటే దొరికింది. పలకరించేవాళ్ళు నిజంగానే లేరు.

పంతొమ్మిది వందల యాభైల చివర. బజారు వీధిలో మూడు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాను. ముందు గది స్టూడియో. అందులో ఒక తెర, దాని మీద మంచు కొండ, కొలను, రెండు హంసలు. నడిమి గది చీకటి గది. వెనక గదిలో నేను.

బడి చదువు నాకు ఎనిమిదో తరగతితో ఆగింది. ఫొటోలు తీయడం, కడగడం నెల్లూరు గ్రంథాలయంలో దొరికిన ఒక ఇంగ్లీషు పుస్తకం చూసి నేర్చుకున్నాను. పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక్కో పేజీ ఒక్కో సాయంత్రం. అదయ్యాక వెలుతురు గురించిన పుస్తకం, కంటి గురించిన పుస్తకం, ఆ తర్వాత సంబంధం ఉన్నా లేకపోయినా ఏది దొరికితే అది. మా ఊళ్ళో పంచాయతీ ఆఫీసు పక్క గదిలో శాఖా గ్రంథాలయం ఉండేది. అక్కడి బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదని ఈ రోజుకీ ధైర్యంగా చెప్పగలను. ఎవరన్నా “పని యాడ నేర్చినావు?” అని అడిగితే, “గ్రంథాలయంలో” అనేవాణ్ణి. కాలేజీ పేరు చెప్పినట్టు చెప్పేవాణ్ణి.

ఆ పుస్తకంలో, ఫిల్మును కడిగే నీళ్ళు చల్లగా ఉండాలని రాసి ఉంది. రోహిణి కార్తెలో మా ఊళ్ళో బావిలో నీళ్ళు కూడా గోరువెచ్చగా ఉంటాయి. వాటిలో ఫిల్ము వేస్తే పైపొర మెత్తబడి జారిపోతుంది. పెళ్ళికొడుకు మొహం ట్రేలో ఒక పక్కకు ఒరిగిపోవడం నేను కళ్ళారా చూశాను. పైగా మా బావి ఉప్పు బావి. ఎంత కడిగినా, ఆరిన తర్వాత నెగటివు మీద తెల్లటి పొర కట్టేది.

అందుకని నీళ్ళు తెచ్చే మనిషిని పెట్టుకున్నాను. చర్చి పక్క పాలెంలో ఉండేది ఆమె, వయసులో నాకు తల్లి లాంటిది. పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. సరుగుడు తోట దాటి వాగు ఇసకలో చెలమలు తవ్వి, చల్లటి తియ్యటి నీళ్ళు కొబ్బరి చిప్పతో తోడి కుండకెత్తుకుని వచ్చేది. రోజూ పొద్దున్నే మిషన్ బడి పంతుళ్ళ ఇళ్ళకు, చివరగా నా ఇంటికి. ఆదివారం ప్రభువు దినం కాబట్టి రాదు. శనివారం సాయంత్రమే నా తొట్టి నింపి పెట్టేది. ఆ నీళ్ళు ఫొటోలు కడగడానికేనని వీధిలో అందరూ అనుకునేవాళ్ళు. నేను తాగేవాణ్ణి కూడా. పుస్తకాలు చదివినవాడికి దాహానికి కులం ఉండదని తెలియాలి కదా. కానీ ఆ మాట వీధిలోకి వచ్చి చెప్పేంత ధైర్యం చేయలేదు.

స్టూడియోకు వచ్చేవాళ్ళకు ఫొటోలో రెండు చెవులూ పడాలి, రెండు చేతులూ పడాలి, కొత్త చెప్పులు పడాలి. పెళ్ళిచూపులకు, పరీక్షకు, పోయినవాళ్ళ గుర్తుకు ఫొటో. తీయించుకుంటారు, పటం తీసుకుని వెళ్ళిపోతారు. నాతో వాళ్ళకు వేరే పనిలేదు. అయితే ఫిల్ము చివర ఒకటో రెండో మిగిలేవి. అవి మాత్రం నావి. వాటితో నాకు తోచినవి తీసుకునేవాణ్ణి. గోడకు ఆనించిన సైకిలు. ఎండుచేపల తట్ట కింద మెడ వంచకుండా బస్సెక్కుతున్న ఆడమనిషి వీపు. టీ అంగడి ముందు వానకు తడుస్తున్న బెంచీ. నెల్లూరికి ఫిల్ముకోసం పోయినప్పుడు, పెన్న వంతెన మీద ఆగి, ఇసకలో ఆరేసిన పంచెల వరసలు తీసేవాణ్ణి. రైలు వెళ్ళిపోయిన తర్వాత ప్లాట్‌ఫారం తీసేవాణ్ణి. నడిమి గదిలో తాడుకు ఆరేస్తే, చాలావాటిలో మనిషే ఉండేవాడు కాదు. అవి ఎవరూ అడగరు. ఎవరికీ చూపించలేదు.

చూసింది ఆమె ఒక్కతే. తొట్టిలో నీళ్ళు పోసి, తలమీది చుట్టకుదురు తీసి విదిలించి, తాడు దగ్గర నిలబడేది.

“దీంట్లో ఎవురుండారు నాయనా?”

“ఎవరూ లేరు పెద్దమ్మా. సైకిలు.”

“సైకిలు దానంతటదే పోయి ఆడ ఆనుకుందా? తపాలాయనది గదా ఇది! సీటుకి గుడ్డ చుట్టుకోనుండాడు, చూడు. టీ అంగట్లో ఉంటాడు. కూచున్నాడంటే మనిషి లేస్తాడా? మా పాలెంలో ఉత్తరాలన్నీ సాయంత్రం ఉత్తరాలే.”

అలా నా ఖాళీ ఫొటోలన్నింట్లోకీ మనుషుల్ని తెచ్చి పెట్టేది. తడుస్తున్న బెంచీ చూసి, దాని మీద రోజూ కూర్చునే ముసలాయన ఇవాళ కోడలితో తగువు పడి ఇంట్లోనే ఉన్నాడని చెప్పేది. ఆరేసిన పంచెల్లో మాసిక వేసిన పంచె పట్టుకుని, “ఈయన పెండ్లాం ఓర్పుగల మనిషి” అనేది. ప్లాట్‌ఫారం చూసి మాత్రం, “అందురూ పోయినాక ఎందుకు పోతావు నాయనా టేసనుకి? ముందే పోగూడదా?” అంది.

ఒకసారి చేపలు పట్టే బుట్ట అల్లుకుంటున్న ఒక పెద్దాయన్ను నడుము వరకు తీశాను. వెలుతురు ఆయన మొహం మీద పడిన తీరుకు నేను ఎంతో పొంగిపోయి ఉన్నాను. ఆమె చూసి, “ఈయనకి కాళ్ళేవి?” అంది.

“పైదాకే తీసినాను పెద్దమ్మా. మొహం ముఖ్యం. చిత్రకారులు కూడా అట్టనే గీస్తారు. పుస్తకంలో ఉంది.”

“పుస్తకంలో ఉంటే ఉండాది. కాళ్ళు లేకుండా ఇంటికెట్టా పోతాడు?”

పొద్దున ఈ నాలుగు మాటలు అయ్యాక, మళ్ళీ మర్నాటిదాకా నాతో మాట్లాడేవాళ్ళంతా గడ్డం పైకెత్తమంటే ఎత్తేవాళ్ళే. కొన్ని ఏళ్ళు అలా జరిగాయి. ఆదివారాలు మాత్రం ఎలా గడపాలో నేను ఎప్పుడూ నేర్చుకోలేకపోయాను. గ్రంథాలయం కూడా తెరవరు.

అరవైల నడుమ ఊళ్ళోకి కుళాయి వచ్చింది. ఎత్తుమీద సిమెంటు ట్యాంకు కట్టి, గొట్టాలు వేసి, మా వీధి మొగలో ఒక కుళాయి నిలబెట్టారు. మొదటి రోజు వీధంతా బిందెలతో చేరింది. నేను కూడా ఫొటో తీశాను. అందరూ నవ్వుతున్నారు. మిషన్ బడి పంతుళ్ళు మరుసటి వారమే చెలమ నీళ్ళు మానేశారు. ఇక ఆమె తెచ్చే ఇల్లు నాదొక్కటే మిగిలింది.

ఎదుటి కొట్లో టైలరు నాకంటే చిన్నవాడు, నోరు పెద్దది. మిషను తొక్కుతూనే కేక వేశాడు.

“ఏందన్నా, పది అడుగుల్లో కుళాయి పెట్టుకోని ముసిలామెను వాగుకి తోలుతుండావు? నీ ఫొటోలేమన్నా చెలమ నీళ్ళు తప్ప తాగవా?”

నా దగ్గర జవాబు ఉంది. గొట్టాల్లో ఇనుము ఉంటుందనీ, ఇనుము ఉన్న నీళ్ళు ఫొటోలకు మరకలు పెట్టవచ్చుననీ నా ఇంగ్లీషు పుస్తకంలో ఒక మూల రాసి ఉంది. “కుళాయి నీళ్ళకి మరకలు పడతాయబ్బా. ఇనుము. శాస్త్రంలో ఉంది” అన్నాను. పుస్తకం చెప్పినదానికంటే కొంచెం గట్టిగానే చెప్పాను. మర్నాడు పొద్దున కుండ దించుతున్న ఆమెకు కూడా అదే చెప్పాను. పుస్తకం తెచ్చి ఆ పేజీ తెరిచి చూపించాను.

“ఏం రాసుండాదో నాకేం తెలుసు నాయనా. మరకలు పడతాయంటే మరి తేవాల్సిందే గదా” అంది. నా మొహం వైపు చూసి, చుట్టకుదురు తీసుకుని వెళ్ళింది.

నాకు కావలసింది నీళ్ళు కాదు. మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చి తాడు దగ్గర నిలబడే మనిషి ఒకరు కావాలి. నీళ్ళు మానిపిస్తే ఆమె రావడానికి ఇంకే కారణమూ ఉండదు. ఊరికే వచ్చి పొమ్మని అడగడం నాకు చేతకాదు. ఆ మాట ఎలా అడగాలో ఏ పుస్తకంలోనూ చదవలేదు.

చెలమ నీళ్ళకు ఒక గుర్తుంది. ఎంత తేటగా ఉన్నా, కాసేపు నిలవనిస్తే అడుగున సన్నటి ఇసుక చేరుతుంది. ఫిల్ముకు గీత పడకుండా ఆ నీళ్ళు గుడ్డలో వడగట్టుకునేవాణ్ణి. మరుసటి ఎండాకాలం ఒక పొద్దున తొట్టి అడుగున చూస్తే ఇసుక లేదు. వడగట్టిన గుడ్డ కూడా శుభ్రంగా ఉంది. మర్నాడు చూశాను. అప్పుడూ లేదు. ఆమె కూడా వచ్చే వేళకంటే చాలా ముందు వస్తోంది, చెమట పట్టకుండా వస్తోంది. పొద్దున్నే పట్టిన నీళ్ళు కాబట్టి చల్లగానే ఉన్నాయి, వాటితోనే కడిగాను. మరకలు పడలేదు.

నేను అలవాటు ప్రకారం గుడ్డలో వడగట్టాను. ఆమె అలవాటు ప్రకారం తాడు దగ్గర నిలబడి, “దీంట్లో ఎవురుండారు?” అంది. ఎండాకాలం పోయింది, వానలు పడి వెలిశాయి, అట్లా నడిచింది.

ఒక శనివారం ఆమె కుండ దించి, తాడు దగ్గరికి పోకుండా అరుగు మీదే కూర్చుంది.

“నాయనా, సోమారం నుంచి నేను రాను. దొరవారిసత్రంలో మా కూతురు ఉండాది గదా, దానికి నెలలు నిండినాయి. వచ్చి మా కాడే ఉండిపో అంటుండారు. రేపు పొద్దన ప్రార్థన అయినాక రైలెక్కుతా.”

“మళ్ళీ ఎప్పుడొస్తావు?”

“ఏం వస్తా? మోకాళ్ళు చూసినావా, గుమ్మడికాయల్లే ఉండాయి.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నీకో మాట చెప్పాల. కోప్పడబాకు. ఎండాకాలం నుంచి నీకు పోసేది కుళాయి నీళ్ళే.”

“తెలుసు పెద్దమ్మా. అడుగున ఇసక లేదు.”

ఆమె కొంగు తీసి నన్ను చూసింది. తర్వాత నవ్వింది. అంత నవ్వు ఆమెలో ఉందని నాకు అంతవరకు తెలియదు. ఎదుటి టైలరు మిషను ఆపి చూశాడు.

“తెలిసే గమ్మనుండినావా! నేను రోజూ భయపడేదాన్ని, ఇయ్యాల మరక పడుతుంది, రేపు మరక పడుతుంది అని. పొద్దన్నే నీ పటాలు చూడకుంటే నాకు తోచదు నాయనా. కుళాయి నీళ్ళని చెప్తే వద్దంటావు. వద్దంటే నేనేం చెప్పుకోని వచ్చేది?”

నేను కూడా నవ్వాను. చెప్పవలసింది అప్పుడే చెప్పి ఉండవచ్చు. బదులుగా, “ఒక ఫొటో తీస్తాను, రా” అన్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడడిగినా నీళ్ళు మోసేదానికి ఫొటో ఎందుకని తోసిపుచ్చిన మనిషి ఆ రోజు లేచి నిలబడింది. లోపలికి తీసుకుపోతే తెర ముందు ఆగి తల అడ్డంగా ఊపింది.

“ఆ కొండ ముందర వద్దు. ఆ కొండని నేనెప్పుడూ చూళ్ళేదు. అరుగు మింద తియ్యి.”

అరుగు మీద, పక్కన ఖాళీ కుండతో నిలబడింది. సాయంత్రపు ఎండ వీధి పొడుగునా వచ్చి ఆమె మీద పడింది. నేను కెమెరా దగ్గరకు జరపబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

“కాళ్ళు పడేట్టు తియ్యి నాయనా. రేపు ఆడదాకా పోవాల.”

వెనక్కి జరిగాను. ఇంకా వెనక్కి, వీధిలోకి దిగి తీశాను. పాదాలు, పాదాల కింద నీళ్ళు ఒలికి తడిసిన గచ్చు, అన్నీ పడేట్టు.

మర్నాడు ఆదివారం. స్టేషనుకు పోదామని చొక్కా వేసుకున్నాను. ఈసారైనా రైలు కదలకముందే పోవాలనుకున్నాను. ముందే పోయాను కూడా. ఆమె కిటికీలోంచి, “వచ్చినావా!” అంది. నేను వచ్చానన్నాను. పక్కన కూర్చున్నామెతో, “మా ఊరి ఫొటో పంతులు. శానా చదివినోడు” అని చెప్పింది. అంతలో రైలు కదిలింది. ఆ రోజు ప్లాట్‌ఫారం ఫొటో తీయలేదు.

సోమవారం ఆ ఫిల్ము కడగాలి. తొట్టిలో నీళ్ళు అయిపోయాయి. బిందె పట్టుకుని వీధి మొగకు పోయి, ఆడవాళ్ళ వెనక వరసలో నిలబడ్డాను. వాళ్ళు నవ్వుకుని నన్ను ముందుకు వదిలారు. నీళ్ళు భుజాన పెట్టుకుని వస్తుంటే టైలరు తల ఎత్తాడు.

“అన్నా, కుళాయి నీళ్ళా! మరి ఇనుమో? మరకలు పడవా?”

“పడవులే” అన్నాను.

ఆమె కాగితం మీద బాగా వచ్చింది. తాడుకు ఆరేశాను. ఆ వరసలో మనిషి ఉన్న ఫొటో అదొక్కటే. తలనుంచి పాదాల వరకు ఉంది. ఇంకో ప్రతి ఆమె కూతురి ఇంటికి పంపడానికి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని బిందె దగ్గరకు వచ్చాను. గుడ్డలో వడగట్టబోయి ఆగి, బిందె అడుగుకేసి చూశాను. తేటగా ఉంది. ఏమీ లేదు.