దుమ్ము కాదు సార్

మా అక్క ఇల్లు ఊడ్చిందంటే చీపురు కూడా కడిగి ఆరబెడుతుంది. అలాంటి మనిషికి దుమ్ము అంటగట్టాడు వాళ్ల ల్యాబు పెద్దాయన. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

అక్క పని పల్చటి ప్లాస్టిక్ పొరలు చేయడం. ద్రవంలో కరిగించిన ప్లాస్టిక్‌ను నున్నటి సిలికాన్ పలక మీద చుక్కలుగా వేసి, పలకను గిర్రున తిప్పుతుంది. ద్రవం క్షణాల్లో ఆవిరై, సబ్బు బుడగ పొరంత పల్చగా ప్లాస్టిక్ మిగులుతుంది. దాన్ని వేడి చేస్తే చిల్లులు పడుతున్నాయి. అదీ తగువు.

"నీ చెయ్యి శుభ్రంగా లేదమ్మా, దుమ్ము పడుతోంది," అన్నాడాయన, అందరి ముందూ. అక్క ఉద్యోగం పొడిగించాలో వద్దో ఆ నెలలోనే ఆయన తేల్చాలి.

"దుమ్ము కాదు సార్. పొర మరీ తొందరగా ఆరిపోతోంది. పొడుగాటి అణువులు సర్దుకోకముందే, సాగినవి సాగినట్టే బిగుసుకుపోతున్నాయి. వేడి తగలగానే ఆ బిగువే పొరను చింపుతోంది," అంది అక్క.

ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. గది కడగమన్నాడు. పొరలు చేయాల్సిన మనిషి వారమంతా మోకాళ్ల మీద వంగి గచ్చు తుడిచింది.

ఏ రోజు పొర ఆ రోజే వాడాలి, మిగిలినవి పారేయాలి అన్నది ఆ ల్యాబు ఆచారం. తుడుపు పనిలో పడి అక్క కొన్నింటిని పారేయడం మరిచిపోయింది. వారం తర్వాత వాటిని వేడి చేస్తే చిల్లులు దాదాపు లేవు! ఊరికే ఉంచితే బిగువు దానంతటదే సడలిందన్నమాట. దుమ్మే అయితే రోజులు గడిచేకొద్దీ పెరగాలి గానీ తగ్గుతుందా?

పరుగున వెళ్లి చూపించింది. ఆయన మైక్రోస్కోపులో చూసి మురిసిపోయాడు.

"చూశావా! తుడిస్తే ఎంత బాగా వచ్చాయో!"

"ఇవి తుడవకముందు చేసినవి సార్."

ఆయనకు వినపడితేగా! అక్క అప్పటికప్పుడు, అద్దంలా మెరుస్తున్న ఆ గదిలోనే, ఆయన కళ్లముందే కొత్త పొర చేసి వేడి పెట్టింది. చూస్తుండగానే అది జల్లెడైపోయింది. పిచ్చి మా అక్క, ఇప్పుడైనా ఒప్పుకుంటాడనుకుంది.

"మూలల్లో సరిగా తుడవలేదేమో. రేపు ఇంకోసారి చూడమ్మా," అన్నాడు.

"గుడ్డ బకెట్లోనే ఉంది సార్. ఈసారి మీరు తుడవండి," అని అక్క కోటు విప్పి కుర్చీకి తగిలించి వచ్చేసింది.

ఉద్యోగం పోయింది. "కాస్త తగ్గి ఉంటే సరిపోయేది కదే," అంటోంది అమ్మ.

ఇంకెంత తగ్గాలమ్మా? వారం రోజులూ నేల మీదే ఉంది కదా!