కొలతల మావయ్య నమిలిన బంక

వీధిలో అందరూ ఆ వడ్రంగిని కొలతల మావయ్య అనేవాళ్లు. వేలు ఆనిస్తే చాలు, బల్ల ఎక్కడ నూలుపోగంత వంగిందో చెప్పేసేవాడు. మాంసం ముట్టడు సరే, ఎముకలు ఉడికించి తీస్తారని వజ్రం జిగురును కూడా పనికొట్టు గడప తొక్కనిచ్చేవాడు కాదు.

"నోరులేని జీవాన్ని కుర్చీకి పూసి, దానిమీద దర్జాగా కూర్చోనా?" అనేవాడు.

అలాంటి మనిషి చేత సిగరెట్టు మాన్పించాలని భార్య ఓ రోజు చూయింగ్ గమ్ తెచ్చింది. ఎర్ర పొట్లం.

"ఏం బంకే ఇది?"

"బంకంటే చెట్టుదే కదండీ. నమలండి, నోటికి పనుంటుంది."

"నీ నోటికున్న పని చాలక నా నోటికీ పెట్టావా?" అంటూనే వేసుకున్నాడు. సిగరెట్టు మానేశాడు. పదకొండేళ్లు దవడ ఆడిస్తూనే రంపం లాగాడు. మొన్న చలికాలంలో పోయాడు.

పలకరించడానికి ఆడపడుచు వచ్చింది. మందుల కొట్లో పని ఆమెకి. మాటల్లో చెట్టు బంక సంగతి విని తల అడ్డంగా ఊపింది.

"చూయింగ్ గమ్ అంతా చెట్టుది కాదు వదినా. కొన్నిట్లో జెలటిన్ వేస్తారు. పశువుల తోలూ ఎముకలూ ఉడికించి తీసేది."

"అంటే... వజ్రమేనా?"

"దానికి చెల్లెలి వరస అనుకో."

ఆడపడుచు వెళ్లాక భార్య తనని తానే తిట్టుకుంది. ఏది దేంతో చేశారని ఒక్కనాడైనా అడిగిందా? తన చేత్తోనే తెచ్చి పెట్టింది. తప్పయిందని చెప్పుకుందామంటే మనిషే లేడు.

మూడోనాడు పనికొట్టు తాళం తీసింది. ఆయన వస్తువులు సర్దుతుంటే ఉలుల పెట్టె అడుగున రెండు కాగితాలు దొరికాయి, నలగకుండా మడిచి. ఎర్ర పొట్లం కాగితం మీది సన్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది. జె-ల-టి-న్. దాని కింద పెన్సిల్ గీత, బద్ద పెట్టి గీసినంత తిన్నగా. రెండోది పచ్చ పొట్లానిది. 'జంతు పదార్థాలు లేవు' అన్నచోట టిక్కు.

అప్పుడు గుర్తొచ్చింది. నమలడం మొదలుపెట్టిన నెలకే, "ఆ ఎర్రది పళ్లకి అంటుకుంటోందే, ఇకనుంచి పచ్చది తే" అన్నాడు. "బంక అంటుకోక ఎగురుతుందా? అన్నిటికీ వంకలే!" అని తనే సాధించింది. ఆయన నవ్వేసి రంపం అందుకున్నాడు. ఆ తర్వాత ఇంట్లోకి వచ్చిందంతా పచ్చదే.

కాగితాలు అవే మడతల్లో మడిచి, ఉలుల కిందే పెట్టింది. కొంగుతో కళ్లు తుడుచుకుని పనిబల్ల కేసి చూసింది.

"పళ్లకి అంటుకుంటోందట, పళ్లకి!" అంది.