ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన పేషెంటు

తొంభైల చివర్లో బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సందులో ఉన్న నర్సింగ్ హోంలో నేను ఆపరేషన్ థియేటర్ నర్సుని. మా ఊరు కూచిపూడికి దగ్గరే. మా నాన్న అక్కడి చర్చిలో పాస్టరు. ఆయనకు తెలిసినవాళ్ళ ద్వారా నాకా ఉద్యోగం దొరికింది. నర్సింగ్ హోం నడిపే సర్జను గారికి నలభై దాటాయి, పెళ్ళి చేసుకోలేదు. గుంటూరులో మెడిసిన్ చదివే రోజుల్లో కరాటే నేర్చుకుని బ్లాక్ బెల్టు దాకా వెళ్ళారట. పొద్దున్నే ఆస్పత్రి డాబా మీద కాలేజీ ఆడపిల్లలకు నేర్పేవారు. నైట్ డ్యూటీ దిగిన రోజుల్లో నేనూ వెళ్ళి వాళ్ళ వెనక వరసలో నిలబడేదాన్ని.

"వాడు చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవాలి, పరిగెత్తాలి. అంతకుమించి మీరేం చెయ్యక్కర్లేదమ్మా," అని ప్రతి పూటా చెప్పేవారు.

ఆ పిల్లల్లో ఒకమ్మాయి తండ్రి ఆటోనగర్‌లో లేత్ మెషిన్ మీద పనిచేసేవాడు. ముస్లిం కుటుంబం, ముగ్గురూ ఆడపిల్లలే. ఈమె పెద్దది, డిగ్రీ చదువుతోంది. వాళ్ళ పేటలోనే ఉండే ఒక రౌడీ ఆమె వెంట పడ్డాడు. ఆమె లెక్కచెయ్యలేదని ఒక మధ్యాహ్నం బస్టాపులో అందరి ముందూ కత్తి తీశాడు. మొహం మీదికి వస్తున్న కత్తికి ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. మొహం దక్కింది గానీ అరచెయ్యి లోతుగా తెగింది.

ఆ ఆపరేషన్ చాలాసేపు పట్టింది. వేళ్ళని కదిలించే టెండన్లు తెగినవి ఒక్కొక్కటే వెతికి పట్టుకుని కుడుతూ ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడారు.

"అలా చెయ్యి అడ్డం పెట్టడం నేర్పింది నేనే, సిస్టర్."

"అందుకే కదండీ పిల్ల బతికింది," అన్నాను. ఆయన ఇంకో దారం అడిగారు.

నాలుగు వేళ్ళలో రెండు మళ్ళీ వంగలేదు. బస్టాపులో చూసినవాళ్ళెవరూ సాక్ష్యానికి రాలేదు. రౌడీ బెయిలు మీద బయటికి వచ్చి, ఆమె డ్రెస్సింగ్‌కి వచ్చే రోజుల్లో మా గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర మోటార్ సైకిల్ ఆపుకుని కూర్చునేవాడు. ఒకరోజు ఆ తండ్రి డాక్టరు గారి గదిలోకి వచ్చి నిలబడే మాట్లాడాడు.

"కేసు వద్దు సార్. వాపసు తీసుకుంటాం. నాకింకా ఇద్దరు పిల్లలున్నారు."

డాక్టరు గారు ఓపీలో ఉన్న పేషెంట్లను చివరిదాకా చూసి, స్టెతస్కోపు బల్ల మీద పెట్టి రోడ్డు దాటారు. నేను మెట్ల మీద నుంచి చూస్తున్నాను. రౌడీ నవ్వుతూ లేచాడు, నడుము దగ్గర చెయ్యి పెట్టాడు. కత్తి పూర్తిగా బయటికి రాకముందే డాక్టరు గారు ఆ మణికట్టు పట్టి తిప్పారు. ఎముక విరిగిన చప్పుడు నాదాకా వినపడలేదు గానీ టీ కొట్టువాడు గ్లాసులు వదిలేసి వెనక్కి జరగడం కనపడింది. తర్వాత మోచెయ్యి. తర్వాత మోకాలు. కోపంతో కొట్టే మనిషిలా లేరాయన. ఎక్కడ విరిస్తే ఎలా అతుక్కుంటుందో తెలిసిన మనిషి తీరుబడిగా చేసినట్టుంది. అయిపోయాక వాణ్ణి వార్డుబాయ్‌లతో లోపలికి మోయించారు.

"థియేటర్ రెడీ చెయ్యండి సిస్టర్. ఎముకలు నేనే సెట్ చేస్తాను."

సెట్ చేశారు కూడా, ఏ పేషెంటుకైనా చేసినంత శ్రద్ధగా. ఆ రౌడీ మళ్ళీ ఆ పేటలో కనపడలేదు. ఆ రోజు నాకు సంతోషం కలిగింది. టీ కొట్టువాడితో సహా ఎవరూ పోలీసులకు ఏమీ చెప్పలేదు.

ఆ తర్వాత ఓపీలో రోగం లేనివాళ్ళు కూడా కూర్చోవడం మొదలైంది. కూతుర్ని ఏడిపిస్తున్నాడని ఒకరు, స్థలం ఆక్రమించాడని ఒకరు, తాగొచ్చి తల్లిని కొడుతున్నాడని ఒకరు. "మావాణ్ణి ఒకసారి తమరు చూడాలండి," అనేవాళ్ళు. ఏ చూపో అందరికీ తెలుసు. మొదట్లో తిప్పి పంపేవారు. తర్వాత వినడం మొదలుపెట్టారు. సాయంత్రం స్కూటర్ మీద ఒక్కరే వెళ్ళేవారు. పొద్దున డాబా మీద పాఠం మానేశారు. పిల్లలు కొన్నాళ్ళు వచ్చి, తాళం చూసి వెళ్ళిపోయారు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "సార్, వాళ్ళు చెప్పేది నిజమో కాదో ఎలా తెలుస్తుందండీ?"

"ఇన్నేళ్ళుగా మనుషుల్ని చూస్తున్నాను. నొప్పి ఉన్నవాడు అబద్ధం ఆడడు సిస్టర్."

ఇబ్రహీంపట్నం నుంచి వచ్చిన పెద్దాయన నాకు బాగా గుర్తు. ఇస్త్రీ పంచె, జేబులో కళ్ళజోడు. అల్లుడు థర్మల్ స్టేషన్‌లో కాంట్రాక్టు పని చేస్తాడనీ, కూతుర్ని గదిలో పెట్టి కొడుతున్నాడనీ, పుట్టింటికి రానివ్వడనీ చెబుతూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అప్పుడు నేను మందుల ట్రే సర్దుతూ అదే గదిలో ఉన్నాను. నాకూ కళ్ళు చెమర్చాయి.

మర్నాడు సాయంత్రం డాక్టరు గారు పెందలాడే వెళ్ళిపోయారు.

ఆ మర్నాడు పొద్దున ఒక ఆటో వచ్చి ఆగింది. సన్నగా ఉన్న ఒకమ్మాయి మొగుణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని తీసుకొచ్చింది. డ్యూటీ దిగి వస్తుంటే దారిలో ఎవరో కొట్టారనీ, రాత్రంతా కడుపునొప్పి అన్నాడనీ, తెల్లారేసరికి కళ్ళు తేలేశాడనీ చెప్పింది. ఎడమ పక్కటెముకల కింద తన్ను తగిలి లోపల స్ప్లీన్, అంటే ప్లీహం, పగిలింది. కడుపు నిండా రక్తం. ఇంకో ఆస్పత్రికి పంపేంత వ్యవధి లేదు.

థియేటర్‌లోకి తెచ్చాక అతనికి కాస్త తెలివొచ్చింది. డాక్టరు గారు చేతులు కడుక్కుని పైకెత్తి పట్టుకుని లోపలికి వచ్చారు. హడావుడిలో మొహానికి మాస్కు కట్టుకోకుండానే వచ్చారు, నేను కట్టాలి. అతను ఆయన వైపు చాలాసేపు చూశాడు.

"ఎందుకు కొట్టారు సార్?" అన్నాడు.

గొంతులో కోపం లేదు. నిజంగా తెలియక అడిగాడు. మత్తు ఇచ్చే డాక్టరు సిరంజి పట్టుకుని ఆగిపోయారు. నా చేతిలో మాస్కు అలాగే ఉండిపోయింది. "మత్తివ్వండి," అన్నారు డాక్టరు గారు.

కడుపు తెరిచాక అంత వేగంగా, అంత శుభ్రంగా ఆయన పని చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. అయినా అతను మాకు దక్కలేదు. గుండె ఆగాక కూడా చాలాసేపు ఛాతీ మీద నొక్కుతూనే ఉన్నారు. మత్తు డాక్టరే వచ్చి ఆయన భుజం పట్టుకుని ఆపారు.

బయట ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చుని ఉంది. డాక్టరు గారు ఆమె ఎదుట నేల మీద కూర్చున్నారు.

"అతను నిన్ను కొట్టేవాడా అమ్మా?"

"ఎవరండీ, ఆయనా?" అంది. ఏమడుగుతున్నారో ఆమెకు అర్థం కాలేదు. "మాది ఇష్టపడి చేసుకున్న పెళ్ళండి. మా నాన్నకి కులం పట్టింపు. మాటల్లేవు మాకు." ఆయన మొహం చూస్తూ మెల్లగా అడిగింది, "మా నాన్న వచ్చాడా ఇక్కడికి? మా ఆయనకెలా ఉందో చెప్పరేంటండీ?"

ఆయన చెప్పారు. రెండు మాటలూ చెప్పారు, అతను పోయాడనీ, కొట్టింది తనేననీ. ఆమె ఏడవలేదు. ఆయన చొక్కా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆ వేళ్ళు నేనే విప్పాను.

"సైకిల్ మీద నుంచి పడ్డాడని చెబుదాం," అన్నారు మత్తు డాక్టరు. డాక్టరు గారు బట్టలు మార్చుకుని, నడుచుకుంటూ పోలీస్ స్టేషన్‌కి వెళ్ళిపోయారు.

అయితే కేసు కోర్టుకు వచ్చేసరికి ఆయన అన్నదమ్ములు పెద్ద లాయర్ని పెట్టారు. పోలీసులు బలవంతంగా ఒప్పించారని వాదన. ఆయన ఔననలేదు, కాదనలేదు. తల వంచుకుని నిలబడ్డారు. బయట జనం ఆయన్ని వదిలెయ్యాలని నినాదాలు చేశారు. మత్తు డాక్టరు తనకేమీ వినపడలేదన్నారు. పంచె కట్టిన పెద్దాయన, "బుద్ధి చెప్పమన్నానండి, చంపమనలేదు," అని లాయర్ దగ్గర అన్నాడని తెలిసింది. కోర్టులో మాత్రం అసలు ఆ ఆస్పత్రికే రాలేదన్నాడు.

నన్ను పిలిచినప్పుడు గదిలో విన్నదీ, థియేటర్‌లో విన్నదీ చెప్పాను. డాక్టరు గారు అప్పుడు తల ఎత్తి నా వైపు చూశారు. ఆ చూపులో కోపముందో లేదో పోల్చుకోలేకపోయాను. శిక్ష పడింది. నర్సింగ్ హోం మూతపడింది. బజారులో నన్ను చూసి మొహం తిప్పుకున్నవాళ్ళలో ఆటోనగర్ అమ్మాయి తండ్రి కూడా ఉన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టను.

చనిపోయినతని భార్య ఆడపడుచు దగ్గరికి కూచిపూడి వచ్చేసింది. అక్కడ నాట్యం బట్టలు కుట్టేది. ఇంటికి వెళ్ళినప్పుడల్లా చూసి వచ్చేదాన్ని. ఒకసారి, రాజమండ్రి జైలుకి వెళ్ళి డాక్టరు గారిని చూద్దామనుకుంటున్నానని చెప్పాను. ఆమె మిషన్ ఆపింది.

"వెళ్ళండక్కా. నా సంగతి మాత్రం ఆయనకి ఏం చెప్పొద్దు. బాగున్నానని చెప్పొద్దు, బాగాలేనని చెప్పొద్దు."

జైల్లో ఆయన బాగా చిక్కిపోయారు. నా ఉద్యోగం గురించి, నాన్న ఆరోగ్యం గురించి అడిగారు. టైమైపోయిందని వార్డరు పిలిచాక, లేచి నిలబడి అప్పుడడిగారు.

"ఆ అమ్మాయి ఎలా ఉంది సిస్టర్?"

"నాకు తెలియదండి," అన్నాను.

ఆయన తలూపి లోపలికి వెళ్ళారు. మళ్ళీ నేను వెళ్ళలేదు.