బడిలో ఫస్టొచ్చిన నీళ్లు

రసాయన శాస్త్రాన్ని పిల్లల జీవితంతో ముడిపెట్టాలని శిక్షణ తరగతుల్లో మాకు ఏటా చెప్తారు. ఎలా ముడిపెట్టాలో మాత్రం చెప్పరు. చాయ్, సమోసా ఇచ్చి, సంతకం పెట్టించుకుని పంపిస్తారు. తోటివాళ్లు సమోసాతో పాటే ఆ మాటనూ అరిగించుకుంటారు. నాకు అరగలేదు. నా గుణమే అంత. ఒకటి మనసులో పడిందంటే కాలుగాలిన పిల్లిలా తిరుగుతాను, ఇంట్లో వాళ్లను కూడా కుదురుగా కూర్చోనివ్వను.

కట్టంగూర్ నుంచి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో, సర్కారు బడిలో భౌతిక, రసాయన శాస్త్రాలు చెప్పేదాన్ని. రోజూ నల్లగొండ నుంచి బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. పదో తరగతిలో సబ్బు పాఠం వచ్చింది. పుస్తకంలో మిసెల్ బొమ్మ ఉంటుంది, మురికి చుట్టూ చేరిన సబ్బు అణువుల తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. పిల్లలు దాన్ని పొద్దుతిరుగుడు పువ్వులా గీసేస్తారు, మార్కులు పడతాయి. ఆ పువ్వుకూ ఇంట్లో అమ్మ బట్టలుతికే బండకూ సంబంధం ఉందని ఒక్కరికీ తోచదు. నాకు ఒళ్లు మండింది. రేపు ఎవరింటి నీళ్లు వాళ్లు సీసాలో పట్టుకురండి అన్నాను.

తెచ్చారు. నల్లా నీళ్లు, చేతిపంపు నీళ్లు, చేలల్లోని బోరు నీళ్లు. పరీక్షనాళికల్లో సమానంగా పోసి, సబ్బు తురిమి వేసి, అందరినీ ఒకేసారి ఊపమన్నాను. కొన్నిట్లో తెల్లగా విరిగి తెట్టు కట్టింది. కొన్నిట్లో నురుగు పొంగింది. ఏనాడూ నోరు విప్పని పిల్లలు బల్లలెక్కి చూశారు. మా బడుల్లో అన్నిటికీ ర్యాంకులే కదా, నేను అడగకముందే నురుగును స్కేలుతో కొలిచి ర్యాంకులు వేసేశారు. చివరి బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి తెచ్చిన చేను బోరు నీళ్లు ఫస్టొచ్చాయి. నల్లా నీళ్లు సెకండ్. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను. ఏ పరీక్షలోనూ ఫస్టు రాని పిల్ల సిగ్గుపడి, పెదవులు బిగించి నవ్వింది. ఆ పిల్ల పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయి. ఇంటింటికీ నల్లా రాకముందు పెరిగిన పిల్లల్లో అలాంటి పళ్లు ఆ చుట్టుపక్కల చాలామందికి ఉన్నాయి.

మా హెడ్మాస్టరు గారు నిమ్మకు నీరెత్తినట్టు ఉండే మనిషి. "మీరు మంచిగనే చేస్తున్నరు మేడం. గని మార్చిల ప్రశ్నపత్రం నీళ్ల సీసాలు అడుగది గద" అన్నారు. నేను వినలేదు. నా పాఠం పిల్లల వెంట ఇళ్లకు వెళ్లింది, అది చాలు అనుకున్నాను. ఎంత దూరం వెళ్లిందో అప్పటికి నాకు తెలియదు.

కొన్ని వారాలకు, నల్లగొండలో నీళ్లు పరీక్షించే చోట పనిచేసే తెలిసినాయన దగ్గర పళ్ల మీద ఆ చారలు తెచ్చే ఫ్లోరైడు నీళ్లలో ఉందేమో చూసే చిన్న పెట్టె ఒకటి అడిగి తెచ్చాను. మందు వేస్తే నీళ్లు గులాబీ రంగుకు వస్తాయి. ఫ్లోరైడు ఎక్కువుంటే పసుపుకు తిరుగుతాయి. మళ్లీ సీసాలు తెమ్మన్నాను. నల్లా నీళ్లు గులాబీగానే నిలిచాయి. ఫస్టొచ్చిన చేను బోరు నీళ్లు చూస్తుండగానే పసుపుకు తిరిగాయి. "ఫస్టోళ్లు ఫెయిలయిండ్రు!" అని క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు.

"మేడం, మేము గిప్పుడు గవ్వే తాగుతున్నం" అంది. "బడిల ఫస్టొచ్చినయని బాపు బండి మీద క్యాన్లు పెట్టి తెస్తున్నడు. నల్లా నీళ్లు మందు వాసనొస్తయని మా అవ్వ ముందు నుంచే వద్దంటుండె. చెల్లె గూడ గవ్వే తాగుతాంది."

చెల్లె అంగన్‌వాడీకి పోయే పిల్ల. నురుగు బాగా వస్తే నీళ్లలో కాల్షియం తక్కువని అర్థం, తాగడానికి మంచివని కాదు. నురుగు బాగా వచ్చే నీళ్లలోనే ఫ్లోరైడు ఎక్కువుండటం మా వైపు అరుదేమీ కాదు. అది నాకు తెలుసు. పిల్లలకు తెలియదు. రసాయన శాస్త్రం పుస్తకంలో ఉన్నంతకాలం ఎవరి పన్నూ చెడగొట్టలేదు, వంటింట్లోకి రాగానే ఈ పని చేసింది. ఆ మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి ఏం చెప్పానో నాకే తెలియదు. సుద్దముక్కలు విరుగుతూనే ఉన్నాయి. సాయంత్రం గంట కొట్టగానే బస్సు దగ్గరికి పోకుండా ఆ పిల్ల వెంట నడిచాను.

వాళ్ల ఇల్లు ఊరి చివరి వాడలో, తలుపు పైన చిన్న సిలువ. అమ్మా బాపూ పత్తి ఏరడానికి పోయారు. అవ్వ ఉంది, వాకిట్లో చిన్నపిల్ల ఆడుకుంటోంది. అవ్వ నన్ను మంచం మీద కూర్చోబెట్టి, నేను నోరు తెరిచేలోగా లోపలికి పోయి గిలాసలో నీళ్లు తెచ్చింది. గడపలోకి వచ్చిన మనిషికి ముందు నీళ్లు, తర్వాతే మాట. అవి ఆ నీళ్లే. ఆ నీళ్లు తాగొద్దని చెప్పడానికే నేను వచ్చాను.

మా తాతల కాలంలో మావాళ్లు ఈ వాడలోకి వస్తే గొంతు ఎండినా నీళ్లు ముట్టేవాళ్లు కాదు. ఆ సంగతి అవ్వకు తెలుసు, నాకూ తెలుసు. ఇప్పుడు నేను వద్దంటే, ఆ వద్దు నాది కాదు, మా తాతది అవుతుంది. ఫ్లోరైడు అన్నా, కాల్షియం అన్నా, అవ్వకు వినిపించేది అదొక్కటే. గిలాస చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అవ్వ నా చేతిని చూస్తోంది. ఎత్తి మొత్తం తాగేశాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి. నిజంగా మంచి రుచి. అందుకే ఇంకా కోపం వచ్చింది.

గిలాస కింద పెట్టి, ఈ నీళ్లు పిల్లకు తాగించొద్దని చెప్పాను.

"నువ్వు తాగితివి గద బిడ్డా" అంది అవ్వ.

"నా పండ్లు ఎన్నడో గట్టిపడ్డయవ్వా. ఒక్క గిలాసకు నాకేం గాదు. గీ పిల్లకు పాలపండ్లు ఊడినంక వచ్చే గట్టి పండ్లు గిప్పుడే లోపల దవడల తయారైతున్నయి. దినాం గివే నీళ్లు తాగితే మరకలు పడ్తయి. మల్ల ఎంత తోమినా పోవు."

"మరగబెట్టి తాపుత తియ్యి."

"మరగబెడితే నీళ్లు తగ్గుతయి, గది తగ్గదు. ఇంకింత చిక్కగైతది."

అవ్వ చీర కొంగుతో మొహం తుడుచుకుంది. "మొన్న నురుగొస్తే ఫస్టన్నరు. గీ పొద్దు పసుపొస్తే వద్దంటున్నరు. రేపు నల్లగొస్తే ఏమంటరు? ఏ మాట నమ్మాలె బిడ్డా మేము?"

అవ్వ అడిగిన దాంట్లో తప్పేముంది? సైన్సులో ఒక పరీక్ష ఒక్క సంగతే చెప్తుందని, రెండో సంగతికి రెండో పరీక్ష కావాలని పదో తరగతి పిల్లలకే నేను చెప్పలేదు, అవ్వకెలా తెలుస్తుంది?

"నురుగు సబ్బు సంగతే చెప్తదవ్వా. బట్టలు ఉతుకుడుకు గా నీళ్లే మంచియి, ఉతుకుండ్రి. తాగుడుకు, వండుకునుడుకు నల్లా నీళ్లు పట్టుండ్రి. మూత లేకుంట ఒక రాత్రి పెడితే మందు వాసన చాలా మట్టుకు పోతది. నమ్మకుంటే రేపు నీ ముందటనే చుక్కలేసి చూపిస్త."

వాకిట్లో చిన్నది మట్టిలో గీతలు గీస్తూ తనలో తాను పాడుకుంటోంది. అవ్వ దాన్ని చూసింది, గుమ్మంలో నిలబడ్డ పెద్దదాన్ని చూసింది. లేచి, తాగే కుండను ఒంపి బకెట్లో పోసి, "గివి బట్టలకు పెట్టు" అని పెద్దదానికి చెప్పింది. నన్ను నమ్మి చేసిందో, మనవరాలి మొహం చూసి చేసిందో నాకు తెలియదు.

అమ్మాయి నన్ను బస్సు ఆగే చోటిదాకా సాగనంపడానికి వచ్చింది. గెలిచాననిపించలేదు. ఇంకా ఎన్ని ఇళ్లలో ఫస్టూ సెకండూ చూసుకుని నీళ్లు మార్చారో లెక్కేసుకుంటూ, రేపు పొద్దున్నే ఎవరెవరిని అడగాలో అనుకుంటూ, నిలబడలేక అటూ ఇటూ తిరుగుతున్నాను.

"మేడం, గట్టి పండ్లు చిన్నప్పుడే లోపల తయారైతయన్నరు గద."

"ఔ."

"మరి నాయి తయారయ్యేటప్పుడు గీ పాఠం ఎవ్వలెందుకు చెప్పలే?"

పుస్తకంలో లేదమ్మా అనబోయాను. ఆ పిల్ల నన్ను తప్పుపట్టడానికి అడగలేదు. క్లాసులో చెయ్యెత్తి అడిగినట్టే అడిగింది. జవాబు నాకు తెలిసే ఉంటుందని, చెప్తానని, నా మొహం వైపు చూస్తూ నిలబడింది.