దండకోట మెటీరియల్

అమీర్‌పేటలో గోడల రంగేమిటో ఎవరికీ తెలియని రోజులవి; గోడల నిండా కంప్యూటర్ కోర్సుల కాగితాలే. నేనూ ఒక కోర్సులో చేరాను గానీ, నా అసలు చదువు పంజాగుట్టలో ఒక గ్రంథాలయంలో సాగేది (ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి). అక్కడే, అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో ఆ ఆట కనబడింది. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు అందులో వీరుడో, దొంగో, వైద్యుడో అయి ‘నేనిది చేస్తాను’ అంటారు. నెగ్గిందీ లేనిదీ పాచిక తేలుస్తుంది. పుస్తకం చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కనుక కథ నడిపేవాణ్ణీ నేనే అయ్యాను.

ఆదివారం మధ్యాహ్నాలు మా హాస్టల్ గదిలో నలుగురు ఆడేవాళ్లు. వాళ్లకోసం నలభై పేజీల ‘దండకోట’ రాశాను. ఏ మెట్టు కింద గొయ్యి, ఏ కుండలో పాము, ఏ పూజారి శత్రువుల గూఢచారి, అన్నీ అందులోనే. పోతే మళ్లీ రాయలేనని సందు చివర జిరాక్సు కొట్టులో ఒక కాపీ కూడా తీయించాను.

రెండో ఆదివారమే అనుమానం పుట్టింది. కింద గొయ్యి ఉన్న మూడో మెట్టును ముగ్గురు తొక్కకుండా దూకి దాటేశారు. పాము కుండ జోలికి పోలేదు. ‘‘గా పూజారిని జర కట్టేయుండ్రి భాయ్, వాడు మస్తు డేంజర్’’ అన్నాడు బోరబండ నుంచి వచ్చే మిత్రుడు, పూజారి ఇంకా నోరైనా విప్పకముందే! అంటే నా కాగితాలు ఎవరో చదివి అందరికీ చెబుతున్నారు. నా గదిలోనే ఉండే కాకినాడ మిత్రుడు తప్ప ఇంకెవరు? కాగితాల మధ్య ఒక వెంట్రుక పెట్టి చూశాను (డిటెక్టివ్ నవలల విద్య). వారమంతా అది కదల్లేదు. ఎంత జాగ్రత్తపరుడో అనుకున్నాను. నిజానికి గోతిలో పడిందీ, పాము కుండలో చెయ్యి పెట్టిందీ అతనొక్కడే. చచ్చి మరీ నటిస్తున్నాడనుకున్నాను.

మూడో ఆదివారం అందరి ముందూ అతన్ని అడిగేశాను.

‘‘ఏంటండీ గురువుగారూ! వారమంతా క్లాసులో ఒక్క ముక్క అర్థంకాక చస్తున్నాను. ఈ ఒక్క పూట కోసమే ఎదురుచూస్తాను. నన్ను పట్టుకుని దొంగంటారేంటి?’’ అని, పెట్టె తీసుకుని మెట్లు దిగసాగాడు.

బోరబండ మిత్రుడు బిత్తరపోయి సంచిలోంచి స్పైరల్ బైండింగ్ పుస్తకం ఒకటి తీశాడు. లోపల నా చేతిరాతే!

‘‘దీనికేనా అన్నా గింత లొల్లి? జిరాక్సు అన్న ‘కొత్త మెటీరియల్’ అని తాడుకు తగిలించి అమ్ముతుండు. మేం ముగ్గురం కొన్నం. అమీర్‌పేటల మెటీరియల్ చదవకుండ ఎవడన్న క్లాసుకొస్తడా? గాయనొక్కడే ఉత్తగ వచ్చిండు.’’

కొట్టుకు ఏ నోట్సు వచ్చినా ఒక కాపీ అట్టేపెట్టుకోవడం ఆ అన్న అలవాటు. అది కంప్యూటర్ పాఠమా, దయ్యాల కోటా అని ఆయన చూడడు.

నేను మెట్ల మీద అతన్ని అందుకున్నాను. చేతిలో ఉన్న నలభై పేజీలూ అతని కళ్లముందే చింపి, ‘‘నీ ముందొక తలుపుంది. ఏం చేస్తావు?’’ అన్నాను.

అతను మెట్ల మీది కాగితం ముక్కల వైపు చూశాడు. ‘‘లోపలేముందండీ?’’

‘‘నాకూ తెలీదు.’’

అతను పెట్టె కింద పెట్టాడు. ‘‘అయితే తడతాను.’’

అంతవరకూ ఆట నడపడమంటే పరీక్ష పెట్టడమే అనుకున్నాను. ఆ తలుపు వెనకేముందో ఐదుగురం కలిసి కనుక్కునేసరికి చీకటిపడింది. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆడిస్తుంటాను, కాగితాలు లేకుండానే. ఒకవేళ రాసుకున్నా, వాటి మధ్య పెట్టడానికి నా నెత్తిన వెంట్రుకలేవీ?